చిఱునవ్వునకు జీతమెంత?

అతిథిని దేవునిగా నెంచవలెనని మన పెద్దలు చెప్పిరి. ఆ మాటను మనము సభలలో విన్నాము, పిల్లలకు నేర్పుచున్నాము, పరదేశీయులు వచ్చినప్పుడు గర్వముతో వినిపించుచున్నాము. కాని దేవుళ్లు నలువదిమంది యొక్కసారిగా బల్లల యొద్ద కూర్చుండి కేకలు వేయుచుండగా, వారికి నైవేద్యము తెచ్చువాని గతి యేమి యని మనము ఆలోచించినట్లు కానరాదు. ఆ ప్రశ్న మాకును చాలకాలము తోచలేదు. మా వలన నొక తప్పు జరిగిన తరువాతనే తోచినది. కావున ఆ తప్పును దాచక చెప్పి, పిమ్మట విషయమునకు వచ్చెదము.

రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు దగ్గఱగా నొక ఫలాహారశాల కలదు. దాని పేరు చెప్పము. చెప్పినచో దోషము దాని యొక్కదానిదే యని చదువరులు తలపవచ్చును. ఉదయమున గట్టు మీద కొంత నడచి, అచ్చట పెసరట్టు తిని కాఫీ త్రాగుట మాకు పదకొండేండ్ల అలవాటు. అందు కడపటి నాలుగేండ్లు మాకు వడ్డించినవాడు ఒక్కడే. వయస్సు నలువదికి దగ్గఱగా నుండును. మేము కూర్చుండుటయే తడవుగ, అడుగకయే, ఉల్లిపాయ లేని పెసరట్టును, అల్లపు పచ్చడిని, చక్కెర తక్కువగా వేసిన కాఫీని తెచ్చి పెట్టెడివాడు. మా మోకాలి నొప్పి యెట్లున్నదో విచారించెడివాడు. మా మనుమరాలి పరీక్ష లెప్పుడో మాకంటె నాతనికే బాగుగా గుర్తుండెడిది. ఆతని పేరు మాత్రము మాకు తెలియదు. "ఏమోయ్" అని పిలిచినచో పలికెడివాడు. మాకు అంతే చాలియుండెను.

ఒక కార్తిక సోమవారమున స్నానములకు వచ్చిన జనముతో ఆ శాల క్రిక్కిఱిసి యుండెను. మా కాఫీ మిక్కిలి యాలస్యముగా వచ్చినది. వచ్చినదియు చల్లాఱి యున్నది. మాకు కోపము వచ్చెను. "నాలుగేళ్లుగా రోజూ వస్తున్న వాణ్ని, నాకే చల్లారిన కాఫీ ఇస్తావా? బుద్ధుందా నీకు?" అని పదిమంది వినునట్లు అఱచితిమి. గల్లాపెట్టె యొద్ద కూర్చున్న నిర్వాహకుడు లేచి వచ్చెను. ఏమి జరిగినదని ఆతనిని అడుగలేదు. మాకు నమస్కరించి, ఆతనిపై కసరి, ఆ కాఫీ సొమ్మును జీతములో పట్టుకొందునని బిగ్గఱగా చెప్పెను. ఆతడు నవ్వెను. "తప్పయిపోయిందండి. ఇప్పుడే మార్చి తెస్తానండి" అని కప్పు తీసికొనిపోయెను. కొంతసేపటికి వేడి కాఫీ వచ్చినది. మొగమున నవ్వు అట్లే యున్నది గాని, బల్ల మీద పెట్టునప్పుడు కప్పును సాసరును ఒకదానికొకటి తగిలి గలగలలాడినవి. ఆ చేయి వణకుట మేము చూచితిమి. చూచియు కాఫీ త్రాగి వచ్చితిమి.

అయిదాఱు దినముల తరువాత ఆతడు కనబడలేదు. అడుగగా నిర్వాహకుడు, "ఈ రోజుల్లో ఒక్కడూ నిలబడటం లేదండి. జీతం పెంచినా వెళ్లిపోతున్నారు" అని నిట్టూర్చెను. ఆతని స్థానమున నొక క్రొత్త కుఱ్ఱవాడు తడబడుచు తిరుగుచుండెను.

రెండు నెలలు గడచినవి. ఒకనాడు మేము బియ్యము కొనుటకు పోయిన కొట్టులో బస్తాలు దింపుచున్న మనిషి మమ్ము చూచి, తలగుడ్డ విప్పి, "ఆయ్, బాగున్నారాండి? మోకాలు ఎలా ఉందండి?" అని యడిగెను. మాకు సిగ్గు వేసెను. ఆ నాటి మాట తలచుకొని క్షమింపు మంటిమి. ఆతడు చెప్పిన దిది: "ఆ రోజు మీరన్నదానికి మానేయలేదండి. అలాంటివి రోజుకి పది అవుతాయండి. అప్పటికే ముగ్గురు మానేశారండి. వాళ్ల బల్లలు కూడా నేనే చూసుకోవాలండి. తెల్లారగట్ల నాలుగింటికి వెళ్లినవాణ్ని, మీరొచ్చేసరికి ఒక్కసారి కూర్చోలేదండి. కాఫీ మాస్టరు దగ్గర ఆలస్యమైంది. ఆ మాట అంటే ఎదురు చెప్పినట్టండి. ఇంటికెళ్తే పిల్లలతో మాట్లాడబుద్ధి అయ్యేది కాదండి. నవ్వంతా అక్కడే అయిపోయేది. ఇక్కడ జీతం తక్కువేనండి. కానీ బస్తాకి నా మొహం ఎలా ఉన్నా ఒకటేనండి."

మేము ఇంటికి వచ్చి చాలసేపు ఆ కడపటి మాటనే తలపోయుచు కూర్చుంటిమి. బస్తా మోయుట యెంత కష్టమో కంటికి కనబడును. మోయువాడు అలసిన కూర్చుండును, చెమట తుడుచుకొనును, విసుగు వచ్చిన విసుగుకొనును. వడ్డించువాని పనిలో బరువు మోయుటయు కలదు, నిలుచుటయు కలదు, పరుగును కలదు. వీనిపైని మఱొక పని కలదు. అది తన మొగమును తన మనస్సునకు భిన్నముగా నిలుపుకొనుట. ఈ పనికి జీతపు పుస్తకమున పద్దు లేదు. అయినను అది లోపించిన నాడు మాత్రము అందఱికిని కనబడును.

ఈ శ్రమకు పేరు పెట్టి లోకమునకు చూపినది అమెరికాదేశపు సమాజశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షిల్డ్. ఆమె విమానములలో ప్రయాణికులకు సేవచేయు స్త్రీలను పరిశీలించి 1983లో నొక గ్రంథము ప్రకటించెను. ఆ శ్రమను మనము భావశ్రమ యనవచ్చును. అది రెండు విధములుగా జరుగునని ఆమె చూపినది. మనస్సున లేని నవ్వును మొగమున పూసికొనుట యొకటి. ఎదుటివానిపై నిజముగనే దయ కలుగునట్లు తన మనస్సును తానే త్రిప్పుకొనుట రెండవది. మొదటిది నిత్యము చేయువానికి తాను కపటి నను బాధ కలుగును. రెండవది నిత్యము చేయువానికి తన భావములలో ఏవి తనవో ఏవి కొలువువో తెలియకపోవును. ఆ స్త్రీలకు శిక్షణ యిచ్చునప్పుడు విమానమును తమ యింటి చావడిగను, ప్రయాణికులను తమ యింటికి వచ్చిన అతిథులుగను భావింపుమని చెప్పెడివారట. మన దేశపు ఆదర్శమే అచ్చట పాఠమైనది! కాని తన యింటి చావడిలో దుర్భాషలాడిన అతిథిని మఱల రావలదని చెప్పు హక్కు ఇంటివారికి కలదు. పాఠము నేర్పినవారు ఆ హక్కును మాత్రము ఇయ్యలేదు.

ఇట్టి శ్రమ విశ్రాంతి లేక సాగినచో నేమగునో వైద్యలోకమును గుర్తించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన రోగముల పట్టిక పదునొకండవ కూర్పున, సరిగా నిర్వహింపబడని వృత్తిసంబంధమైన ఒత్తిడి వలన గలుగు మానసిక దహనమును వర్ణించినది. అది రోగము కాదనియు, వృత్తి వలన గలుగు స్థితి యనియు స్పష్టముగా చెప్పినది. దానికి లక్షణములు మూడు: శక్తి హరించుకొనిపోవుట, పనిపై మనస్సు విఱిగి దూరమగుట లేక ఏవగింపు కలుగుట, తాను చేయుపని సరిగా జరుగుట లేదను భావము. బియ్యపు కొట్టులోని మనిషి ఆ పట్టికను చదువలేదు. కాని నవ్వంతయు అచ్చటనే అయిపోయెడిదని ఆతడు చెప్పినది ఆ మొదటి లక్షణమే.

యజమానులు చెప్పుకొను కష్టమును మేము కాదనము. పప్పుల ధర, గ్యాసు ధర, అద్దె వారి చేతిలో లేవు. నేడు తిన్నవాడు గడప దాటకముందే ఫోనులో నక్షత్రములు వేసి, లోకమంతటికిని తన తీర్పు వినిపించుచున్నాడు. ఒక నక్షత్రమునకు వెఱచి నిర్వాహకుడు ముందుగా పనివానిని కసరుచున్నాడు. అయినను ఆ కసరుట వలన నష్టపోవునది తామే యని వారు గుర్తింపవలెను. ఒకడు మానివేసిన వాని బల్లలు ఉన్నవారి మీద పడును. ఉన్నవారికి పని పెరుగును, ఆలస్యములు పెరుగును, తిట్లును పెరుగును. అంతట మఱొకడు పోవును. క్రొత్తవాడు ఏ బల్ల యెవరిదో, ఎవరికి ఏమి కావలెనో నేర్చుకొను లోపల పాతవారును అలిగి పోవుదురు. జీతము పెంచినను నిలువరని నిర్వాహకుడు మాతో చెప్పినది నిజమే కావచ్చును. జీతము తప్పక పెంచవలసినదే. కాని మనిషి వెళ్లిపోవుట తఱచుగా జీతపు దినమున నిశ్చయింపబడదు. పదిమందిలో తనకు అవమానము జరుగుచుండగా తన పక్షమున నొక్కరును మాటాడని క్షణమున నిశ్చయింపబడుచున్నది.

ఈ సందర్భమున మాకు మన సాహిత్యములోని యొక స్త్రీ జ్ఞప్తికి వచ్చుచున్నది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో పూటకూళ్లమ్మ కలదు. కూడు పెట్టి జీవించు ఆమెకు ఆ నాటకమున వృత్తిపేరే పేరు. మేము నాలుగేండ్లు "ఏమోయ్" అని పిలిచినట్లే, లోకమును ఆమెను పూటకూళ్లమ్మ యనియే పిలిచినది. కాని ఆమెకు ఒక్కటి కలదు. నేడు మనము చదువు 1909 నాటి కూర్పున, గిరీశము తన్ను మోసగించెనని తెలిసికొని ఆమె చీపురుకట్టతో మధురవాణి యింటికే వచ్చినది. చూచువారు నవ్వుదురు గాని, ఆలోచించినచో అందు గంభీరమైన విషయ మున్నది. ఆ యిల్లు ఆమెది, పొయ్యి ఆమెది. కావున కోపమును ఆమెదే. డొక్కా సీతమ్మగారు (1841–1909) కోనసీమలో ఆకలి యని వచ్చినవారి కెల్ల, వేళ యనక, కులము చూడక, అన్నము పెట్టినది. ఆమె దయయు ఆమెదే. ఎవరును ఆమెకు అంత దయ చూపుమని వేళలు నిర్ణయించి నియమించలేదు. పెట్టుటలో గల ఆనందము పెట్టువారి స్వేచ్ఛ నుండి పుట్టును. కొలువు చేయువానికి ఆ స్వేచ్ఛలో కొంతయైన మిగిల్చినచో ఆతడు నిలుచునేమో చూడవలెను.

అట్లు చూచినవారు మన దేశముననే కలరు. 1950ల మధ్యకాలమున కాఫీ బోర్డు తన కాఫీశాలలను మూసివేయ పూనినప్పుడు పనివారు వీథిని పడవలసి వచ్చెను. ఎ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహముతో వారు సహకార సంఘములుగా నేర్పడిరి. మొదటి సంఘము 1957 ఆగస్టు 19న బెంగుళూరున స్థాపింపబడినది. ఆ యేడే అక్టోబరు 27న ఢిల్లీలో మొదటి ఇండియన్ కాఫీ హౌస్ తెఱవబడినది. మఱుసటి యేడు కేరళమున త్రిశ్శూరులో నొకటి వెలసినది. తలపాగాతో కాఫీ తెచ్చి పెట్టువాడే ఆ శాలకు భాగస్వామి. ఈ సంఘము లన్నియు లాభముతో నడచుచున్నవని మేము చెప్పము. కొన్ని శాఖలు మూతపడినవి కూడ. కాని కేరళమున ఆ శాలలో కూర్చుండినప్పుడు మేము చూచిన దొకటి చెప్పెదము. వడ్డించిన పెద్దమనిషి మమ్ము చూచి నవ్వలేదు. కావలసినది అడిగి, తెచ్చి పెట్టి, మర్యాదగా నిలిచెను. మాకు లోటేమియు కలుగలేదు. నవ్వు వేఱు, మర్యాద వేఱు అని మాకు ఆనాడు తెలిసినది. డబ్బిచ్చినవాడు మర్యాదను కోరవచ్చును గాని, మనిషి మనస్సును కోరుట న్యాయము కాదు.

అందఱు యజమానులును సంఘములు స్థాపింపవలెనని మేము కోరుట లేదు. చిన్న శాలవారును చేయదగిన పనులు కొన్ని కలవు. జగడము పుట్టినప్పుడు నిర్వాహకుడు వచ్చి, కోపించిన అతిథిని తాను స్వీకరించి, పనివానిని పది నిమిషములు వంటయింటి వెనుకకు పంపవలెను. తప్పెవరిదో తరువాత, ఒంటిగా, ముందుగా పనివాని నోటనే వినవలెను. పగిలిన కప్పునకు, త్రిప్పి పంపిన కాఫీకి జీతము కోయరాదు. కూర్చుండుటకు నొక బల్ల యుండవలెను. ఇది చిన్న విషయము కాదు. కేరళమున బట్టల దుకాణములలో దినమంతయు నిలిచి పనిచేసిన స్త్రీలు పోరాడినందున 2018లో అచ్చటి దుకాణముల చట్టము సవరింపబడి కూర్చుండు హక్కు లభించినది. 2021లో తమిళనాడును అట్టి సవరణమే చేసినది. కూర్చుండుటకు కూడ చట్టము కావలసి వచ్చినదనిన మన దయ యెంతటిదో తెలియుచునే యున్నది. మఱియు, అందఱికిని అన్నము పెట్టువాడు తన అన్నమును వేళకు, కూర్చుండి తినగలుగవలెను. వారమున నొక సెలవు దినము ముందుగనే తెలియవలెను. ఎవడేని మానివేయుచున్నప్పుడు, కారణ మేమని యడిగి, ఆ కారణమును వ్రాసి యుంచుకొనవలెను. ఇందులకు పెద్ద పెట్టుబడి యక్కఱలేదు.

ఇంతవరకు వ్రాసి, మా గృహిణికి చదివి వినిపించితిమి. ఆమె అంతయు విని, "ఆయన మానేశాడు కాబట్టి మీకు తెలిసిందండి. మానేయలేనివాళ్ల సంగతి మీకెలా తెలుస్తుంది?" అని లోపలికి పోయినది.

మేము కలము మూసి కొంతసేపు ఊరకుంటిమి. రాత్రి తొమ్మిదింటికి మేము చెప్పకయే మిత్రులను వెంటబెట్టుకొని వచ్చినప్పుడు ఆమె నవ్వుచు ఎదురువచ్చుట ముప్పదియాఱేండ్లుగా చూచుచున్నాము. కూరలో ఉప్పు తక్కువైనదని వారి యెదుటనే మే మన్న నాళ్లు కలవు. అప్పుడును ఆమె నవ్వుచునే ఉప్పు తెచ్చినది. ఆమె చేయి వణకినదో లేదో మేము చూడలేదు. ఇంటిలో వడ్డన యను నది తనంతట తానే, నవ్వుతో గూడ జరుగునని నేర్చిన మగపిల్లవాడే పెద్దవాడై హోటలులో చిటిక వేసి పిలుచుచున్నాడు. అచ్చటి సంస్కరణము ఇచ్చటి పీటల యొద్దనే ప్రారంభము కావలెను. పిల్లలు తిన్న కంచమును వారే తీయవలెను. వంట చేసినవారు కూర్చున్న తరువాతనే తక్కినవారు తినుటకు మొదలిడవలెను. అలసిన దినమున మొగము అలసినట్లే యుండుటకు ఇంటి స్త్రీకి సెలవుండవలెను. ఈ నియమములను మేము మా యింట పెట్టి ఇంకను నెల దాటలేదు. అందు మాకంటె మా మనుమరాలే ఎక్కువ శ్రద్ధ చూపుచున్నది.

మొన్న మఱల ఆ ఫలాహారశాలకు పోయితిమి. క్రొత్త కుఱ్ఱవాడు కాఫీ తెచ్చి పెట్టెను. చక్కెర ఎక్కువగా నున్నది. మేమేమియు ననలేదు. ఆతడు పోబోవుచుండగా, "మీ పేరేమిటి బాబూ?" అని యడిగితిమి.

కుఱ్ఱవాని మొగము తెల్లబోయెను. ఒకసారి గల్లాపెట్టె వంక చూచి, గొంతు తగ్గించి, "ఏం తప్పు జరిగిందండి?" అని యడిగెను.

తప్పేమియు లేదని ఆతనిని నమ్మించుటకు మాకు చాలసేపు పట్టినది.